పెదనాన్న ట్రంకు పెట్టెలో జపాన్ పోలీసు కారు – రంగు వేయించాలా, వద్దా?

బుజ్జి_తెనాలి | హైదరాబాద్ | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు.

మా పెదనాన్న 1970లలో వైజాగ్ నుంచి ఖనిజం ఓడల మీద జపాన్ వెళ్లొస్తుండేవాడు. ఆయన పోయి మూడేళ్లయింది. పోయిన వారం ఆయన ట్రంకు పెట్టె తెరిస్తే, యూనిఫారం బట్టల అడుగున జేబురుమాల్లో చుట్టి చిన్న పోలీసు కారొకటి కనిపించింది. నలుపూ తెలుపూ. అరచేతిలో సగం కూడా లేదు, బరువు మాత్రం బాగా ఉంది. పైనుంచి వేలితో నొక్కితే స్ప్రింగు మీద ఉన్నట్టు దిగి లేస్తుంది. అడుగున టొమికా, నంబర్ 4, మేడిన్ జపాన్ అని పోత అక్షరాలు. పెట్టె లేదు.

అంచుల్లో రంగు పెచ్చులూడింది. పైకప్పు మీద, లైటు పక్కన గోరంత ఎర్ర మరక ఉంది, చాలా వికారంగా కనిపిస్తోంది. బైకులకి రంగులేసే కుర్రాడొకడు తెలుసు, 600కి కొత్తదానిలా చేసిస్తానన్నాడు. సోమవారం ఇద్దామనుకుంటున్నా. ఏమంటారు? దీనికి విలువేమైనా ఉంటుందా?

---

పాతచక్రం | సికింద్రాబాద్ | రాత్రి 9:52

ముందు ఆ కుర్రాడికి ఫోన్ చేసి వద్దని చెప్పు. మిగతాది తర్వాత.

---

బుజ్జి_తెనాలి | రాత్రి 10:05

చెప్పేశానండీ. ఇప్పుడు చెప్పండి.

---

పాతచక్రం | రాత్రి 11:30

మంచి పని చేశావు. నీ చేతిలో ఉన్నది టొయోటా క్రౌన్ పాట్రోల్ కారు, అంటే గస్తీ తిరిగే పోలీసు బండి. జపాన్ బొమ్మల కంపెనీ టొమీ 1970 ఆగస్టులో టొమికా అనే చిన్న కార్ల వరస మొదలుపెట్టినప్పుడు వచ్చినవి ఆరే ఆరు కార్లు. ఒకటి బ్లూబర్డ్ ఎస్సెస్సెస్ కూపే, రెండు కరోనా మార్క్ 2, మూడు క్రౌన్ సూపర్ డీలక్స్, నాలుగు నీదే, అయిదు టొయోటా 2000 జీటీ, ఆరు ఫెయిర్‌లేడీ జెడ్ 432. అన్నీ జపాన్ రోడ్ల మీద తిరిగే బండ్లే. అంతకుముందు అక్కడి పిల్లలకి అరచేతి సైజులో దొరికేవి ఎక్కువగా ఇంగ్లండు నుంచి వచ్చే మ్యాచ్‌బాక్స్ కంపెనీ కార్లే. తమ వీధిలో తిరిగే కారు తమ జేబులో ఉండాలన్న ఆశని టొమీ వాళ్లు పట్టుకున్నారు. మొదటి ఆరింట్లో ఒకటి పోలీసు కారు కావడం కూడా పిల్లల మనసు తెలిసిన పనే. రేసు కారు కొనని తల్లి కూడా పోలీసు కారు కొంటుంది.

ఆరో నంబరు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 432 అనేది ఇంజన్ సైజు కాదు. సిలిండరుకి నాలుగు వాల్వులు, మూడు కార్బురేటర్లు, రెండు క్యామ్ షాఫ్టులు. ఇది తెలిసిన రోజు నేను రాత్రంతా నిద్రపోలేదు. మా ఆవిడ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

విలువ సంగతి ఫొటోలు చూశాక. అడుగు భాగం, నాలుగు చక్రాలు, రివెట్లు. పగటి వెలుతురులో తియ్యి, ఫ్లాష్ వద్దు.

---

సీతమ్మధార_శ్రీను | విశాఖపట్నం | ఆదివారం ఉదయం 7:15

బుజ్జీ, మీ పెదనాన్న ఏ ఓడ మీద వెళ్లారో గానీ ఆ దారి నాకు బాగా తెలుసు. మా నాన్న పోర్టులో పనిచేశాడు. బైలదిలా కొండల ఇనుప ఖనిజం జపాన్‌కి పంపడానికే కొత్తవలస – కిరండూల్ లైను వేశారు. 1976లో ఔటర్ హార్బరు వచ్చాక పెద్ద ఓడలు నేరుగా లోపలికొచ్చాయి. ఖనిజం వెళ్లేది, వచ్చేటప్పుడు నావికుల సంచుల్లో టేప్ రికార్డరు, నైలాన్ చీర, గొడుగు, పిల్లలకో బొమ్మ. తమాషా ఏంటంటే ఇక్కణ్ణించి వెళ్లింది ఇనుము, తిరిగొచ్చిన కారులో ఇనుము దాదాపు లేదు. అయస్కాంతం పెట్టి చూడు, చక్రాల ఇరుసుకి అంటుకుంటుంది, బాడీకి అంటదు.

ఇంకో లెక్క. మొదట్లో టొమికా ధర 180 యెన్లు. 1971 దాకా డాలరుకి 360 యెన్లు ఖాయం. మన రూపాయి అప్పట్లో డాలరుకి ఏడున్నర. అంటే నీ కారు మూడు రూపాయల డెబ్బై అయిదు పైసలు!

---

డై_లక్ష్మి | బాలానగర్ | ఆదివారం ఉదయం 10:20

శ్రీను గారి అయస్కాంతం పరీక్ష సరైనదే. ఈ బొమ్మల బాడీ జింక్ మిశ్రమం. మా లైన్లో జమాక్ అంటాం. జింకులో సుమారు నాలుగు శాతం అల్యూమినియం, కాస్త మెగ్నీషియం, కొన్ని రకాల్లో రాగి. ఆ పేరు కూడా ఈ లోహాల జర్మన్ పేర్ల మొదటి అక్షరాల నుంచే వచ్చింది. 380 – 390 డిగ్రీలకే కరుగుతుంది, అల్యూమినియానికి 660 కావాలి. అందుకే హాట్ చాంబర్ మెషీన్లో, అంటే లోహం కరిగే కుండ మెషీన్లోనే ఉండే రకంలో, గబగబా పోసేయొచ్చు, స్టీలు అచ్చు కూడా ఎక్కువ కాలం నిలుస్తుంది. రేడియేటర్ జాలీ మీద గీతలు వెంట్రుకంత సన్నగా పడటానికీ కారణం ఇదే, కరిగిన జింక్ నీళ్లలా ప్రతి మూలకీ పారుతుంది.

నేను సీఐటీడీలో టూల్ డిజైన్ చదివినప్పటి నుంచీ ఏ బొమ్మ కారు దొరికినా ముందు తిరగేసి చూస్తాను. అచ్చు రెండు సగాలూ కలిసే చోట సన్నని గీత ఉంటుంది. కొత్త అచ్చులో అది కనపడీ కనపడనట్టుంటుంది. అచ్చు అరిగే కొద్దీ ఆ సందులోంచి లోహం రేకులా బయటికొస్తుంది, మేము ఫ్లాష్ అంటాం. బుజ్జి గారూ, మీ కారు పోత అక్షరాల అంచులు వేలికి పదునుగా తగులుతున్నాయా, మొద్దుగా ఉన్నాయా? పదునుగా ఉంటే తొలినాళ్ల పోత కావచ్చు.

---

రంగులరాజు | రాజమండ్రి | ఆదివారం మధ్యాహ్నం 1:05

అందరూ రంగు వేయొద్దంటున్నారు, నేను ఒప్పుకోను. బొమ్మ అనేది ఆడుకోడానికీ చూసి ఆనందించడానికీ. పెచ్చులూడి, మరకలు పడి ఉంటే బీరువాలో ఎవరు పెట్టుకుంటారు? నేను ఇప్పటికి నలభైకి పైగా బాగుచేశాను. పాత రంగు తీసి, ప్రైమర్ వేసి, రెండు పూతలు. చూసినవాళ్లు కొత్తదనుకుంటారు. పాతచక్రం గారికి మ్యూజియం పిచ్చి.

---

పాతచక్రం | మధ్యాహ్నం 1:20

రాజు గారూ, కొత్తదనుకోవడమే ఇక్కడ ప్రమాదం. ఎనిమిదేళ్ల కిందట ఒక దుకాణంలో ఫెయిర్‌లేడీ జెడ్ 432 కొన్నాను. మొదటి ఏడాది సరుకు, అసలు రంగు అని ప్రమాణం చేసి అమ్మారు. పేరు చెప్పను. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూస్తే తలుపు అంచుల్లో రంగు మందంగా పేరుకుంది. ఫ్యాక్టరీ రంగు అక్కడ పల్చగా ఉంటుంది. అడుగున రివెట్టు తలని డ్రిల్లుతో తీసేసి, జిగురుతో మళ్లీ అతికించి, పైన నల్ల చుక్క పెట్టారు. ఎవరో మీలాంటి మంచి పనివాడు ఇష్టంగా చేసిన పనే అయుంటుంది. మూడో చేతికొచ్చేసరికి అది మోసమైంది.

---

రంగులరాజు | మధ్యాహ్నం 1:48

అది నిజమే, కాదనను. అందుకే నేను బాగుచేసిన ప్రతిదాని అడుగునా లోపలి వైపు సూదితో "రా" అని గీస్తాను. ఎవరైనా విప్పితే తెలుస్తుంది. చక్రాలు విరిగి, తలుపులు పోయిన జంక్ సరుకే తీసుకుంటాను, నిండుగా ఉన్నదాన్ని ముట్టుకోను. బుజ్జి గారి కారు ఏ కోవలోకొస్తుందో ఫొటో చూశాక మాట్లాడదాం.

---

నిషికసాయ్_నివాసి | టోక్యో | ఆదివారం సాయంత్రం 6:30

ఆలస్యంగా చూశాను. నేనుండేది ఎదొగవా వార్డు, పక్కనే కత్సుషికా. టొమీ ప్రధాన కార్యాలయం అక్కడే, తతెయిషిలో. 1924లో తొమియామా ఎయిచిరో పెట్టిన బొమ్మల కార్ఖానాయే ఈ కంపెనీ. 2006లో తకారాతో కలిసి తకారా టొమీ అయింది. ఆ చుట్టుపక్కల వీధుల్లో నడుస్తుంటే మన కుషాయిగూడ గుర్తొస్తుంది. చిన్న చిన్న వర్క్‌షాపులు, ఇంటి కింద మెషీను, పైన కాపురం.

ఇక్కడి పాతకాపులు కారు ఎలా చూస్తారో చెప్తాను. మనలా రంగు చూడరు, ముందు చక్రాలు చూస్తారు. టొమికా చక్రాల డిజైను మారినప్పుడల్లా 1ఏ, 1బీ, 1సీ అని పేర్లు పెట్టుకున్నారు. ఒకే కారు, ఒకే రంగు, చక్రాలు వేరైతే ధర ఎన్నో రెట్లు మారిపోతుంది. తర్వాత పెట్టె. తొలినాళ్ల నల్ల పెట్టెని కురోబాకో అంటారు, తర్వాతి ఎరుపు పెట్టె అకాబాకో. కురోబాకో అంటే నకానో బ్రాడ్‌వే అంగళ్ల భవనంలో మందరాకే అనే పాతసరుకు దుకాణం వాళ్లు గాజు బీరువాలో తాళం వేసి పెడతారు. నేను చూసి, ఊపిరి పీల్చుకుని, కిందికెళ్లి ఐస్‌క్రీమ్ తినేసి వచ్చేస్తాను.

పెట్టెల్లో నకిలీలు కూడా ఉన్నాయి. పాత పెట్టెని స్కాన్ చేసి అచ్చేస్తారు. మడత దగ్గర చూడండి. యాభై ఏళ్ల అట్ట మడతలో తెల్లగా అరిగి ఉంటుంది, కొత్తది శుభ్రంగా ఉంటుంది.

టొమికాలన్నీ ఒకే స్కేలు (అసలు బండిలో ఎన్నో వంతు అన్న కొలత) కాదు. పెట్టె కొలత ఒకటే, బండిని దానికి సరిపోయేలా కుదిస్తారు. అందుకే బస్సూ కారూ పక్కపక్కన పెడితే దాదాపు ఒకే పొడవుంటాయి. స్కేలు పట్టింపు ఉన్నవాళ్లు మోడల్ పెట్, డయాపెట్ వైపు పోతారు. మోడల్ పెట్ అసాహి వాళ్లది, 1959. జపాన్‌లో డై కాస్ట్ (కరిగిన లోహం అచ్చులో పోసి చేసే) మినీ కార్లకి అదే ఆరంభం, ఒకటో నంబరు టొయోపెట్ క్రౌన్. అంటే పదకొండేళ్ల తర్వాత టొమీ చేసిన క్రౌన్లకి అదొక తాతలాంటిది. డయాపెట్ యొనెజావా కంపెనీది, సుమారు 1/40, చెయ్యి నిండా వస్తుంది. నిజం చెప్పాలంటే పనితనంలో నాకు డయాపెట్టే ఇష్టం, కానీ మా ఇంటి విస్తీర్ణానికి టొమికాయే గతి.

---

చిన్నకారు_కిరణ్ | విజయవాడ | ఆదివారం సాయంత్రం 7:10

దారిలో అడ్డొస్తున్నందుకు క్షమించాలి. నేనూ పోయిన నెల ఆన్‌లైన్లో ఒక జపాన్ కారు కొన్నా, 1960ల నాటిదట. కొత్తదానిలా తళతళలాడుతోంది, ఒక్క గీత లేదు. పెట్టె మీద టొమికా లిమిటెడ్ వింటేజ్ అని ఉంది. లాటరీ కొట్టానా?

---

పాతచక్రం | సాయంత్రం 7:14

నాయనా...

---

నిషికసాయ్_నివాసి | సాయంత్రం 7:25

కిరణ్ గారూ, లాటరీ కాదు గానీ మోసమూ కాదు. లిమిటెడ్ వింటేజ్ అనేది టొమీ అనుబంధ సంస్థ టొమీటెక్ 2004లో మొదలుపెట్టిన వరస. 1950, 60ల్లోనే టొమికా ఉండుంటే ఏ కార్లు చేసేవాళ్లు అనే ఊహ మీద నడుస్తుంది. లోపలి కారు పాతది, బొమ్మ కొత్తది. కచ్చితంగా 1/64, పనితనం అద్భుతం. ఎంతకి కొన్నారో మాత్రం ఇక్కడ రాయకండి, మనందరికీ బాధ.

---

చిన్నకారు_కిరణ్ | సాయంత్రం 7:31

రాయను. మా ఆవిడ కూడా ఈ వేదిక చదువుతుంది.

జపాన్ వేలంలో నేరుగా కొని తెప్పించుకుంటే?

---

ఫ్రీమాంట్_రవి | కాలిఫోర్నియా | ఆదివారం రాత్రి 9:00

తెప్పించుకోవచ్చు, కానీ లెక్క ముందు వేసుకోండి. ఇండియాలో బొమ్మల మీద కస్టమ్స్ సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి పెంచారు, 2023లో 70 చేశారు. 2021 జనవరి నుంచి బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. యాభై ఏళ్ల కిందటి కారు మీద ఆ మార్కు ఎలా వస్తుందో దేవుడికే తెలియాలి. కొనేముందు ఆ రోజు నిబంధన ఏదో చూసుకోండి. మా తమ్ముడైతే చుట్టాలు జపాన్ నుంచి వచ్చేటప్పుడే తెప్పించుకుంటాడు.

జపాన్ వేలాల్లో జంక్ అని రాసి ఉంటే భయపడి వదిలేయకండి. వాళ్ల జంక్ అంటే చాలాసార్లు "పరీక్షించలేదు, వాపసు తీసుకోం" అనే అర్థం. లాట్‌లో పదిహేను కార్లుంటాయి, పద్నాలుగు నలిగిపోయినవి, ఒకటి ఆణిముత్యం.

అమెరికాలో ఇవే కార్లు 1970లలో పాకెట్ కార్స్ పేరుతో అట్టకి అతికించి అమ్మేవాళ్లు. ఇక్కడ గ్యారేజ్ సేల్స్‌లో నాకు దొరికినవన్నీ ఆ బాపతే, ఒక్కదానికీ పెట్టె ఉండదు. 1976 నుంచి టొమీ వాళ్లు విదేశీ కార్ల వరస వేరుగా తెచ్చారు, నీలం పెట్టె, నంబరు ముందు ఎఫ్. అప్పుడే జపాన్ పిల్లల్లో సూపర్‌కారు పిచ్చి తలకెక్కిన రోజులు. లంబోర్గినీ బొమ్మ రబ్బర్లు కూడా బళ్లోకి తీసుకెళ్లేవారట. నాకైతే ఆ లంబోర్గినీల కంటే ఒక మామూలు క్రౌన్, ఒక కరోనా ఎక్కువ ముద్దొస్తాయి.

---

బుజ్జి_తెనాలి | సోమవారం రాత్రి 8:15

ఫొటోలు పెట్టాను. లక్ష్మి గారూ, అక్షరాలు పదునుగానే ఉన్నాయి. రివెట్లు కదిలినట్టు లేదు. కానీ ముందు చక్రాల దగ్గర తెల్ల పొడి ఉంది, రంగు కింద ఒక చోట బుడగలా లేచింది. ఇంటర్నెట్‌లో చదివితే జింక్ తెగులు అని, కారు లోపల్నుంచి పగిలి పొడైపోతుందని రాశారు. నిన్న రాత్రి నుంచి భయంగా ఉంది. పెట్టెలో కలరా ఉండలు కూడా ఉన్నాయి, దానివల్లా?

---

డై_లక్ష్మి | సోమవారం రాత్రి 9:40

భయపడకండి. మీరు చదివిన తెగులు నిజమే. జింకులో సీసం, తగరం, కాడ్మియం లాంటివి కలిస్తే, లోహపు రేణువుల మధ్య సందుల్లోంచి తుప్పు పాకుతుంది. బాడీ ఉబ్బి, వంకర పోయి, మీద సాలెగూడు లాంటి పగుళ్లు వస్తాయి. ఫ్యాక్టరీలో సీసం ముక్కో, టంకం వేసిన తుక్కో కరిగే జింకులో పడితే చాలు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బొమ్మల్లో ఇది ఎక్కువ. తర్వాత తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిది తొమ్మిది శుద్ధ జింక్ వాడటం మొదలయ్యాక తగ్గిపోయింది. అది ఒకసారి మొదలైతే ఆపే మందు లేదు. కానీ మీ ఫొటోలో పగుళ్లు లేవు, ఆకారం చెదరలేదు. మీది పైపై తేమ తుప్పు. వైజాగ్ ఉప్పుగాలి, మూసిన పెట్టె, అంతే.

మెత్తటి పొడి బ్రష్షుతో ఆ పొడి దులపండి. నీళ్లు వద్దు, ఇరుసులోకి పోతే అక్కడే ఉండిపోతాయి. కలరా ఉండలు మాత్రం ఈ రోజే తీసేయండి. ఆ ఆవిరికి కొన్ని ప్లాస్టిక్కులు మెత్తబడతాయి, మీ కారు అద్దాలూ లైటూ ప్లాస్టిక్కే. కొత్త ఎండీఎఫ్ బీరువాలో కూడా పెట్టొద్దు. ఆ చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి జింకుకి పడదు. గాజు లేదా స్టీలు బీరువా, పక్కన సిలికా జెల్ పొట్లం.

ఎర్ర మరక గురించి: మెరుపు చూస్తే గోళ్ల రంగులా ఉంది. గోళ్ల రంగు తీసే ద్రవంతో తుడిస్తే పోతుంది, కింద తెల్ల రంగూ పోవచ్చు. ఒక్క చుక్క అద్దం మీద పడితే పాలిపోయి పగిలినట్టవుతుంది. చేయకండి.

---

రంగులరాజు | సోమవారం రాత్రి 10:10

ఫొటోలు చూశాను. దీన్ని నేనైతే ముట్టుకోను. చక్రాలు అసలువే, రివెట్లు అసలువే. పాతచక్రం గారిదే రైటు, ఈసారికి.

కానీ ఆ ఎర్ర మరక ఒక్కటీ... అగ్గిపుల్ల మొన చెక్కి నిదానంగా గీరితే నేను తీసేయగలను, తెల్లరంగు పోకుండా. కావాలంటే రాజమండ్రి రండి, డబ్బులొద్దు.

---

పాతచక్రం | సోమవారం రాత్రి 10:32

రాజు గారి చెయ్యి మీద నాకు నమ్మకముంది. మరక తీస్తే అమ్మకానికి ధర పెరుగుతుంది కూడా. పెట్టె లేని కారే అయినా 1970 అచ్చు, విప్పని రివెట్లు, కొనేవాళ్లున్నారు. బుజ్జీ, అమ్మే ఉద్దేశముంటే తీయించు, ఉంచుకునేట్టయితే నీ ఇష్టం. కానీ ముందు ఒక పని చెయ్యి. ఇంట్లో పెద్దవాళ్లనెవరినైనా అడుగు, ఇది ఎవరి కోసం తెచ్చాడో. ఎప్పుడు తెచ్చాడో తెలిస్తే కారు వయసు కూడా తేలుతుంది.

---

బుజ్జి_తెనాలి | మంగళవారం రాత్రి 9:05

అడిగాను. పెదనాన్న పెద్ద కూతురు, మా అక్క, భీమిలిలో ఉంటుంది. ఫొటో పంపిన నిమిషంలో ఫోన్ చేసింది.

అది ఆవిడదట. ఆవిడ రెండో తరగతిలో ఉన్నప్పుడు తెచ్చాడట, అంటే 1971 – 72. తమ్ముడికి రైలు, తనకి వంటసామాన్ల సెట్టు తెస్తే, వంటసామాన్లు విసిరికొట్టి కారు కావాలని మూడు రోజులు అన్నం తినలేదట. మళ్లీ ట్రిప్పుకి యొకొహామాలో దిగి తెచ్చాడట. ఇంట్లో మగపిల్లలు మాటిమాటికీ ఎత్తుకుపోతుంటే, ఇది నాదని గుర్తు కోసం వాళ్లమ్మ గోళ్ల రంగు తీసి పైన చుక్క పెట్టిందట. పెళ్లయ్యాక వెతికితే దొరకలేదట. వాళ్ల నాన్న పోగొట్టాడని ఇన్నేళ్లూ ఆయన్ని సాధించిందట.

తర్వాత కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

ఆఖర్న ఒకటే అంది: "చుక్క మీద చెయ్యేశావంటే ఊరుకోను. నా కారు నాకు పంపెయ్."

---

సీతమ్మధార_శ్రీను | రాత్రి 9:12

అక్కగారికి నా నమస్కారాలు చెప్పు.

---

రంగులరాజు | రాత్రి 9:20

అగ్గిపుల్ల లోపల పెట్టేశాను.

---

బుజ్జి_తెనాలి | రాత్రి 9:26

కొరియర్‌లో పంపే ధైర్యం లేదు. శుక్రవారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో నేనే తీసుకెళ్తున్నా. ఎలా చుట్టాలి?

---

డై_లక్ష్మి | రాత్రి 9:41

బబుల్ కవరు నేరుగా రంగుకి తగలనివ్వకండి, వేడికి బుడగల గుర్తులు పడతాయి. ముందు మెత్తటి తెల్ల కాగితం, ఆ పైన బబుల్ కవరు, గట్టి అట్టపెట్టె. చక్రాల మీద బరువు పడకుండా పొట్ట కింద చిన్న స్పాంజి ముక్క పెట్టండి. సూట్‌కేసులో కాదు, చేతిసంచిలో.

---

పాతచక్రం | రాత్రి 9:50

జేబురుమాలు పారేయలేదుగా? కాగితం మీద అదే చుట్టు.